మా ఆయనకు డెంగీ వచ్చింది, బాబుకు రాలేదు. టీకా ఎవరికి వేయించాలి?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది కాకినాడ. పెళ్లయిన దగ్గర్నుంచి, అంటే ఎనిమిదేళ్లుగా జర్మనీలో, మ్యూనిక్‌లో ఉంటున్నాం. బాబుకు ఆరేళ్లు, ఇక్కడే పుట్టాడు. వాడు ఇంతవరకు ఇండియా చూడలేదు. ఈ దసరాకు భీమవరంలో మా అత్తగారింట్లో నెల రోజులు ఉండేలా టికెట్లు తీసుకున్నాం. ఇంకా మూడున్నర నెలలుంది. 2019లో సెలవులకు వెళ్లినప్పుడు మా ఆయనకు డెంగీ వచ్చి ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ప్లేట్‌లెట్స్ 31 వేలకు పడిపోయాయి. ఆ టెన్షన్ తలచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి. ఇక్కడ క్యూడెంగా అనే టీకా దొరుకుతోందని ఆఫీసులో ఒకావిడ చెప్పింది. ముగ్గురం వేయించుకుందామని నేనంటే అత్తగారు ఒప్పుకోవడం లేదు. ఫిలిప్పీన్స్‌లో డెంగీ టీకా వేసిన పిల్లలు చనిపోయారని ఆవిడకు వాట్సాప్‌లో వీడియో వచ్చిందట. "నా మనవడికి ఆ సూది వేయిస్తే ఊరుకోను" అంటున్నారు. మా ఆయనేమో "నాకు ఒకసారి వచ్చి పోయింది, ఇక రాదు. బాబుకు ఒక్కడికీ వేయిద్దాం" అంటున్నారు. ఇంతకీ ఈ టీకా పనిచేస్తుందా? ప్రమాదం ఏమైనా ఉందా? మేము రెండో బిడ్డ కోసం కూడా చూస్తున్నాం. ఇంకొక్కటి, కాకినాడలో ఉన్న మా అక్క పిల్లలిద్దరికీ ఇక్కడ కొని తీసుకెళ్లొచ్చా?
(పేరు ప్రచురించవద్దు)

జవాబు: అమ్మా, ముందుగా మీ ఆయన మాట సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో అందరికంటే ఎక్కువ పొరబడింది ఆయనే. ఒకసారి వస్తే మళ్లీ రాకపోవడానికి డెంగీ ఆటలమ్మ కాదు. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకటో రకం వచ్చి తగ్గితే ఆ రకం జన్మలో మళ్లీ రాదు. మిగతా మూడూ రావచ్చు. పైగా రెండోసారి వేరే రకం వస్తే మొదటిసారి కంటే తీవ్రంగా మారే అవకాశం ఎక్కువ.

మొదటిసారి వచ్చినప్పుడు శరీరం తయారు చేసుకున్న యాంటీబాడీలు రెండోసారి వచ్చిన వేరే రకం వైరస్‌ను సరిగ్గా గుర్తుపట్టలేవు, అలాగని వదలవు. అరకొరగా పట్టుకుంటాయి. పట్టుకుని, వైరస్‌ను మింగి చంపాల్సిన కణాల్లోకే తీసుకెళ్తాయి. వైరస్ అక్కడ చావకుండా పిల్లలు పెడుతుంది. కాపలావాడే తలుపు తీసి దొంగను లోపలికి తీసుకుపోయినట్టన్నమాట.

వార్డులో ఇది ఎలా కనిపిస్తుందో ఒక్కటి చెబుతాను. ఒక సెప్టెంబరులో తొమ్మిదేళ్ల పాప చేరింది. అయిదో రోజు పొద్దున జ్వరం పూర్తిగా దిగింది. తల్లి సంతోషంగా ఇడ్లీ తెప్పించి, ఇవాళ ఇంటికి పంపిస్తారా అని నర్సును అడుగుతోంది. పాప మాత్రం ఇడ్లీ వైపు చూడలేదు. కడుపు నొప్పి అంది. చెయ్యి పట్టుకుంటే మంచులా చల్లగా ఉంది. రక్తం చిక్కబడింది, అంటే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతోంది. సెలైన్ పెట్టి ఒకటిన్నర రోజు పక్కనే కూర్చుంటే కోలుకుంది. రెండేళ్ల క్రితం కూడా ఈ పాపకు "ప్లేట్‌లెట్ల జ్వరం" వచ్చిందని తల్లి చెప్పింది తర్వాత. డెంగీలో జ్వరం దిగిన రోజే జాగ్రత్తగా ఉండాల్సిన రోజు. ఈ మాట చాలా మందికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

కాబట్టి మీ ముగ్గురిలో టీకా అవసరం ఎక్కువగా ఉన్నది మీ ఆయనకే. అదే టీకాను మీ బాబుకు నేను ఇప్పుడు వేయించమనను. తలకిందులుగా ఉందనిపిస్తుంది కదా? ఇది అర్థం కావాలంటే మీ అత్తగారి వీడియో దగ్గరికి వెళ్లాలి.

ఆవిడ చెప్పింది పుకారని కొట్టిపారేయకండి. ఫిలిప్పీన్స్‌లో పొరపాటు జరిగిన మాట నిజం. కాకపోతే అది వేరే టీకా. దాని పేరు డెంగ్‌వాక్సియా, తయారు చేసింది సనోఫీ కంపెనీ. మూడు డోసులు. 2016 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం బడిపిల్లలకు వేయడం మొదలుపెట్టి ఎనిమిది లక్షల మందికి పైగా వేసింది. 2017 నవంబరు చివర కంపెనీయే ఒక ప్రకటన చేసింది: అంతకు ముందు డెంగీ వచ్చినవాళ్లకు టీకా మేలు చేస్తోంది, అసలు ఎప్పుడూ రానివాళ్లకు మాత్రం తర్వాత డెంగీ సోకితే తీవ్రమయ్యే ప్రమాదం పెరుగుతోంది అని. ఎందుకు? ఇందాక చెప్పిన కాపలావాడి కథే. డెంగీ ఎరగని పిల్లవాడి ఒంట్లో ఆ టీకా మొదటి డెంగీలా పనిచేసింది. తర్వాత దోమ కుట్టి నిజంగా వచ్చింది వాడి శరీరానికి రెండోది అయింది.

దాంతో దేశమంతా అట్టుడికిపోయింది. కార్యక్రమం ఆపేశారు, కేసులు పెట్టారు. టీకా తర్వాత చనిపోయిన 14 మంది పిల్లల వివరాలను అక్కడి ప్రభుత్వ వైద్య నిపుణుల బృందం పరిశీలించింది. ముగ్గురు టీకా వేసుకున్నా డెంగీతోనే పోయారని తేల్చింది. టీకాయే చంపిందనడానికి నేరుగా ఆధారం దొరకలేదంది. అయినా తల్లిదండ్రులకు నమ్మకం పోయింది. టీకాలు ముఖ్యమని గట్టిగా నమ్మేవాళ్లు 2015లో 93 శాతం ఉంటే, 2018 నాటి సర్వేలో 32 శాతమే మిగిలారు. డెంగీ టీకా ఒక్కటే కాదు, తట్టు టీకాకూ పిల్లలను తీసుకురావడం తగ్గింది. 2019లో అక్కడ తట్టు విజృంభించి ఎందరో పసిపిల్లలను పొట్టన పెట్టుకుంది. వాట్సాప్ వీడియోలో ఈ రెండో సగం ఉండి ఉండదు.

డెంగ్‌వాక్సియాను తర్వాత రక్తపరీక్షలో పాత డెంగీ రుజువైనవాళ్లకు మాత్రమే వేయమన్నారు. ఆ పరీక్షలు చేసి వేసేవాళ్లెవరు? గిరాకీ పడిపోయింది, కంపెనీ తయారీ మానేసింది. మ్యూనిక్‌లో మీకు ఎవరూ దాన్ని వేయరు, ఆ భయం అక్కర్లేదని అత్తగారికి చెప్పండి.

ఇక క్యూడెంగా. జపాన్ కంపెనీ టకేడాది. రెండు డోసులు, మధ్యలో మూడు నెలలు. బలహీనపరిచిన బతికున్న వైరస్‌తో చేసినది. వెన్నెముక రెండో రకం డెంగీ వైరస్‌ది, దానికి మిగతా మూడు రకాల ముక్కలు అతికించారు. ఈ వెన్నెముక సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

పనిచేస్తుందా అంటే, పనిచేస్తుంది. శ్రీలంక, థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్, బ్రెజిల్ లాంటి ఎనిమిది దేశాల్లో 4 నుంచి 16 ఏళ్ల పిల్లలు 20 వేల మందికి పైగా తీసుకుని ప్రయోగం చేశారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరికి టీకా, ఒకరికి ఉత్తుత్తి సూది. రెండో డోసు తర్వాత ఏడాదిలో ఉత్తుత్తి సూది పడిన 6,300 మందిలో 149 మందికి డెంగీ వచ్చింది. టీకా పడినవాళ్లు దానికి రెట్టింపు, 12,700 మంది. అదే లెక్కన వాళ్లలో సుమారు 300 మందికి రావాలి. వచ్చింది 61 మందికి. 80 శాతం అంటున్నది దీన్నే. టీకా వేసుకున్నవాళ్లలో 20 శాతం మందికి డెంగీ వస్తుందని కాదు. చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడ తికమకపడతారు.

కాలం గడిచేకొద్దీ ఆ బలం కొంత తగ్గింది. నాలుగున్నరేళ్ల లెక్క తీస్తే 61 శాతం. అయితే ఆసుపత్రిలో చేరాల్సినంత డెంగీని ఆపడంలో మాత్రం 84 శాతం దగ్గర నిలబడింది. నాకైతే ఈ రెండో అంకే ముఖ్యం. మూడు రోజులు జ్వరం వచ్చి పోతే ఎవరూ చావరు, సెలైన్ దాకా పోకుండా ఉండాలి.

ఇప్పుడు వెన్నెముక సంగతి. ఇదివరకు డెంగీ వచ్చినవాళ్లలో ఈ టీకా నాలుగు రకాల మీదా పనిచేసింది, ఒకదాని మీద ఎక్కువ, ఒకదాని మీద తక్కువ. ఎప్పుడూ రానివాళ్లలో అలా కాదు. రెండో రకం మీద 88 శాతం, సొంత వెన్నెముక కదా మరి. ఒకటో రకం మీద 45. మూడో రకం మీద లాభం కనిపించలేదు. నాలుగో రకం కేసులు వాళ్లలో మరీ కొద్ది, ఏ మాటా అనడానికి చాలవు. డెంగ్‌వాక్సియాలా ఈ టీకా డెంగీని ముదరబెట్టిందని రుజువు కాలేదు. కానీ మూడో రకం సోకి ఆసుపత్రిలో చేరినవాళ్లు టీకా గుంపులో అనుకున్న దానికంటే కొంచెం ఎక్కువ ఉన్నారు. అంకెలు చిన్నవి, కాకతాళీయం కావచ్చు. ఒకసారి చెయ్యి కాలింది కాబట్టి నిపుణులు దాన్ని చూసీ చూడనట్టు వదిలేయలేదు.

అందుకే జర్మనీలో టీకాల సలహా సంఘం, స్టికో, నాలుగేళ్లు దాటినవారిలో ల్యాబ్ పరీక్షతో పాత డెంగీ రుజువైన ప్రయాణికులకే ఈ టీకాను సిఫారసు చేస్తుంది. డెంగీ ఎరగనివాళ్లకు చేయలేదు. అమ్మడానికి అనుమతి నాలుగేళ్లు దాటిన అందరికీ ఉంది కాబట్టి మీరు గట్టిగా అడిగితే బాబుకూ వేసే డాక్టరు దొరకవచ్చు. నా మాటైతే, నెల రోజుల ప్రయాణానికి మీ బాబుకు వద్దు. వాడు దోమల మధ్య ఉండేది ఆ ముప్పై రోజులే. ఆ ముప్పై రోజులు దోమ కుట్టకుండా చూసుకోవడం మీ చేతుల్లో పని. రేపు మీరు భీమవరంలోనే స్థిరపడితే ఈ జవాబు మారుతుంది.

ఎలా మారుతుందో మీ అక్క పిల్లల ప్రశ్నలోనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ డెంగీ బాగా ఉన్న చోట్ల 6 నుంచి 16 ఏళ్ల పిల్లలకు క్యూడెంగా వేయవచ్చంటోంది, ముందు రక్తపరీక్ష కూడా అక్కర్లేదంటోంది. జర్మనీ మాటకూ ఈ మాటకూ పొసగనట్టుంటుంది కానీ లెక్క ఒకటే. అలాంటి ఊళ్లలో పిల్లలు పెద్దవుతున్నకొద్దీ చాలా మందికి తెలిసో తెలియకో డెంగీ వచ్చి పోయి ఉంటుంది. డెంగీ సోకిన నలుగురిలో ముగ్గురికి జ్వరమే తెలియదు. 2017లో భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్, దేశమంతా రక్తం నమూనాలు తీసి చూస్తే దక్షిణాదిలో నూటికి 77 మందిలో పాత డెంగీ ఆనవాళ్లు కనిపించాయి. కాకినాడలో పిల్లవాడికి జీవితమంతా దోమలే. వాడి లెక్క వేరు, మీవాడి లెక్క వేరు.

అయినా సరే, సూట్‌కేసులో టీకాలు తీసుకెళ్లొద్దు. ఆ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. ఐస్ ప్యాకులు పెట్టి ఫ్లాస్కులో తెచ్చామంటారు, మధ్యలో గడ్డకట్టినా పాడే, వేడెక్కినా పాడే, చూస్తే తెలియదు. పైగా రెండో డోసు మూడు నెలల తర్వాత. అప్పుడెవరు తెస్తారు? మన ప్రభుత్వం పిల్లలకు ఉచితంగా వేసే టీకాల్లో డెంగీ లేదు. అక్కయ్యను వాళ్ల పిల్లల డాక్టరునే అడగమనండి. ఇది మన ఇంటి పక్కకే వస్తున్న సంగతి కూడా. క్యూడెంగాను భారీగా తయారు చేయడానికి 2024 ఫిబ్రవరిలో టకేడా చేయి కలిపింది హైదరాబాద్‌లోని బయలాజికల్ ఇ కంపెనీతో, ఏడాదికి 5 కోట్ల డోసుల దాకా. హైదరాబాద్‌దే అయిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కూడా సొంత డెంగీ టీకా పనిలో ఉంది. పనాసియా బయోటెక్ వాళ్ల డెంగిఆల్ ఒకే డోసు టీకా. దాన్ని ఐసీఎంఆర్‌తో కలిసి 10 వేల మందికి పైగా పెద్దవాళ్ల మీద పరీక్షించే చివరి దశ ప్రయోగం 2024 ఆగస్టులో రోహ్‌తక్‌లో మొదలైంది. దానికి దగ్గర చుట్టమైన టీకాకు, సావో పౌలోలోని బుటాంటన్ సంస్థ తయారు చేసిన దానికి, 2025 నవంబరులో బ్రెజిల్ 12 నుంచి 59 ఏళ్ల వాళ్లకు అనుమతి ఇచ్చింది. అదీ ఒక్క సూదే. మూడు నెలలు గుర్తుపెట్టుకుని మళ్లీ రమ్మంటే సగం మంది రారు, అందుకే ఒక్క సూది అంటే నాకు ఆశ.

మళ్లీ మీ ఆయన దగ్గరికి. 2019 డిశ్చార్జ్ సమ్మరీ బీరువాలో ఎక్కడుందో వెతకండి. అందులో ప్లేట్‌లెట్స్ 31 వేలు అన్న ఒక్క ముక్క చాలదు. ప్లేట్‌లెట్స్ మలేరియాలోనూ, టైఫాయిడ్‌లోనూ, ఇంకా ఎన్నో జ్వరాల్లోనూ పడిపోతాయి. ఎన్‌ఎస్-1 (రక్తంలో డెంగీ వైరస్ ప్రొటీనును పట్టే పరీక్ష) పాజిటివ్ అన్న రిపోర్టు కోసం చూడండి. అది ఉంటే నిక్కచ్చి రుజువు. లేకపోతే, పాత యాంటీబాడీలను వెతికే ఐజీజీ రక్తపరీక్షతో తేల్చేద్దామని తొందరపడకండి. మ్యూనిక్ బవేరియాలో ఉంది, పిడుదు పురుగులు కుడితే వచ్చే మెదడువాపుకు అక్కడ చాలా మంది టీకా వేయించుకుంటారు, మీరూ వేయించుకునే ఉంటారు. ఆ వైరస్ డెంగీకి దాయాది. ఆ టీకా పడినవాళ్లకు డెంగీ ఐజీజీ ఊరికే పాజిటివ్ రావచ్చు. మన దగ్గర వేసే జపనీస్ మెదడువాపు టీకాతోనూ ఇదే చిక్కు. పరీక్ష చేయించే ముందు వేసుకున్న టీకాలన్నీ డాక్టరుకు చెప్పాలి.

రుజువు దొరికితే ఆలస్యం చేయొద్దు. డోసుకూ డోసుకూ మూడు నెలలు, మీ చేతిలో ఉన్నది మూడున్నర. ఈ వారంలోనే ట్రావెల్ క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోండి. దాచకుండా ఒక మాట: ఆ పెద్ద ప్రయోగం 16 ఏళ్ల లోపు పిల్లల మీదే జరిగింది. పెద్దవాళ్లలో యాంటీబాడీలు అలాగే తయారవుతున్నాయని చూసి అనుమతి ఇచ్చారు. అందుకని మీ ఆయనకు ఇన్ని శాతం అని కచ్చితంగా అంకె చెప్పలేం. వేయించుకోమనడానికి మాత్రం నాకు సంకోచం లేదు.

సూది పడ్డాక చెయ్యి నొప్పి సగం మందికి ఉంటుంది. తలనొప్పి, ఒళ్లు నొప్పులు ముగ్గురిలో ఒకరికి. పదిమందిలో ఒకరికి జ్వరం. రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాయి. బ్రెజిల్‌లో లక్షల డోసులు వేశాక కొద్దిమందికి తీవ్రమైన ఎలర్జీ వచ్చింది, చాలావరకు సూది పడిన కాసేపటికే. అరుదే, కానీ సూది వేయించుకోగానే బండి తీయకుండా అరగంట క్లినిక్‌లోనే కూర్చోమనండి. క్యాన్సర్ మందులో, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులో వాడేవాళ్లకు ఈ టీకా పనికిరాదు.

మీకు మాత్రం ఇప్పుడు వద్దమ్మా. ఇందాకే అన్నాను, ఇది బతికున్న వైరస్ టీకా. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వేయరు. వేయించుకున్నాక కనీసం నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. రెండు డోసులంటే మీకు నాలుగు నెలలు ఆగడం. కాకినాడలో పెరిగారు కాబట్టి మీకు తెలియకుండానే డెంగీ వచ్చి పోయి ఉండొచ్చు, కానీ రుజువు లేదు. ఆ మాటకొస్తే, కడుపుతో ఉండగా డెంగీ వస్తే తల్లికీ బిడ్డకీ మంచిది కాదు. ప్రయాణానికి ముందే నెల తప్పితే మీ గైనకాలజిస్టుతో మాట్లాడాకే విమానం ఎక్కండి.

అందుకని మీరూ బాబూ దోమలతోనే తేల్చుకోవాలి. భీమవరం వాళ్లు దోమలంటే చేపల చెరువులనీ మురుగు కాలువలనీ తిడతారు. డెంగీ దోమ సాధారణంగా అక్కడ పుట్టదు. దానికి కావలసింది ఇంట్లో కదలకుండా నిలవున్న శుభ్రమైన నీళ్లు. వేసవిలో వాడి మూల పెట్టిన కూలర్ అడుగున, ఫ్రిజ్ వెనక ట్రేలో, మనీ ప్లాంటు సీసాలో, పెరట్లో బోర్లించని రోట్లో, మూత సరిగా పట్టని డ్రమ్ములో. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. మన దగ్గర శుక్రవారం డ్రై డే అనేది అందుకే. నీళ్లు పారబోస్తే సరిపోదు, గుడ్లు గోడకు అంటుకుని నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి, పీచుతో రుద్దాలి. ఈ దోమ కుట్టేది పగలు, ముఖ్యంగా పొద్దున్నా సాయంత్రం వెలుతురున్నప్పుడూ. రాత్రి దోమతెర కట్టి, పగలు నిక్కరు బనీనుతో వాకిట్లో ఆడుకోనిస్తే లాభం లేదు. పొడుగు చేతుల పల్చటి చొక్కాలు వేయండి. డీట్ గానీ ఇకారిడిన్ గానీ ఉన్న క్రీము, పిల్లల వయసుకు తగినది అక్కడే కొని తెచ్చుకోండి. మధ్యాహ్నం వాడు నిద్రపోయేటప్పుడు కూడా తెర దించండి.

జ్వరం వస్తే పారాసిటమాలే. ఈ మాట మీకు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే జర్మనీలో ప్రతి ఇంట్లో పిల్లల జ్వరానికి ఐబుప్రోఫెన్ సిరప్ ఉంటుంది, మీ హ్యాండ్‌బ్యాగులో కూడా ఉండే ఉంటుంది. డెంగీ అనుమానం ఉన్నప్పుడు అది ముట్టుకోవద్దు, రక్తస్రావం పెరుగుతుంది. బొప్పాయి ఆకు రసం తాగించమని పదిమంది చెబుతారు, పిల్లవాడు వాంతి చేసుకుంటే ఒంట్లో ఉన్న నీళ్లు కూడా పోతాయి. మజ్జిగ, గంజి, కొబ్బరి నీళ్లు, ఓఆర్‌ఎస్ పట్టించండి. తగ్గని కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తు, చల్లబడిన చేతులు కనిపిస్తే జ్వరం ఉన్నా లేకపోయినా ఆసుపత్రికే. తిరిగి వెళ్లాక రెండు వారాల్లోపు ఎవరికైనా జ్వరం వస్తే, ఇండియా నుంచి వచ్చామని అక్కడి డాక్టరుకు ముందే చెప్పండి. మ్యూనిక్‌లో జలుబు జ్వరమనుకునే అవకాశమే ఎక్కువ.

ఈ జవాబు అత్తగారికి ఫోన్లో చదివి వినిపించండి. మనవడికి సూది వద్దన్న దాంట్లో ఆవిడే గెలిచారని ముందు చెప్పండి. ఆ సంతోషంలో ఉండగానే కూలర్, ఫ్రిజ్ ట్రే, రోలు ఉన్న పేరా చదవండి.